నోట్లో రిపేర్లు: ఫిల్లింగు, రూట్ కెనాల్, క్యాపు, బ్రిడ్జి ఏళ్ళకేళ్ళు వాడాక నా రివ్యూ

నేను డాక్టర్ని కాదు. మునుగోడు వైపు ఒక ఊళ్ళో పుట్టి, బోరు నీళ్ళు తాగి పెరిగి, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్న మామూలు మనిషిని. ప్రస్తుతం నా నోట్లో ఉన్న సామాను ఇదీ: ఎడమవైపు కింది దవడ పంటికి రూట్ కెనాల్, దాని మీద మెటల్ సిరామిక్ క్యాపు, దాని పక్కనే తెల్ల ఫిల్లింగు, కుడివైపు మూడు పళ్ళ బ్రిడ్జి (ఊడిన పన్ను జాగాలో, రెండు పక్కల పళ్ళ ఆసరాతో కట్టేది), పైన ముందు పళ్ళకు కాంపోజిట్ (ప్లాస్టిక్ లాంటి పంటి రంగు సరుకు) పూత. క్యాపుకు పదేళ్ళు దాటాయి, మిగతావి కాస్త అటూ ఇటూ. చేయించుకున్న వారానికే "సూపర్, నొప్పే లేదు" అని ఐదు చుక్కలు పెట్టే రివ్యూలు బోలెడున్నాయి, వాటితో మనకు పెద్దగా పని లేదు, ఎందుకంటే పంటి పని వారంలో తేలేది కాదు. సంక్రాంతి సకినాలు, మక్క కంకులు, బొక్కల కూర, రోజుకు నాలుగు చాయ్‌లు, ఇవన్నీ ఏళ్ళ తరబడి దాని మీద నుంచి పోవాలి. అప్పుడు నాకు అర్థమైంది ఒకటే. డాక్టరు పెట్టిన సరుకు అంత తొందరగా పాడవదు. పాడయ్యేది ఆ సరుకూ మన పన్నూ కలిసే అంచు. ఏది చేయించుకున్నా ఆ అంచును చూసుకోవడమే అసలు పని, దాని గురించి మాత్రం చేయించుకునే రోజు ఎవరూ గట్టిగా చెప్పరు.

అసలు ఇవన్నీ ఎందుకు, నొప్పొచ్చిన పన్ను పీకేస్తే పోలా అనేది మా ఊళ్ళో అందరి మాట. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగినా అతుక్కుంటుంది, పంటి మీది గట్టి పై పొర ఎనామెల్ మాత్రం పోతే పోయినట్టే, ఎందుకంటే దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికొచ్చే సరికే పోతాయి. తీపి తిన్నాక నోట్లో ఉండే బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, అది ఎనామెల్‌ని కరిగిస్తుంది. పుచ్చు ఎనామెల్లో ఉన్నంతసేపూ ఏ నొప్పీ ఉండదు. లోపలి పొరకు దిగాక చల్లటి నీళ్ళు జివ్వుమంటాయి. నరం దాకా పోయాక రాత్రి పడుకుంటే చాలు పోటు మొదలవుతుంది, లేచి కూర్చుంటే కాస్త నయం, మళ్ళీ పడుకుంటే మళ్ళీ పోటు. ఆ తర్వాత ఒకరోజు నొప్పి దానంతటదే పోతుంది. ఆర్ఎంపీ ఇచ్చిన గోళీలకు తగ్గిందనుకుంటారు, చాలాసార్లు అక్కడ జరిగేది నరం చచ్చిపోవడం. ఇంకొన్నాళ్ళకు చిగురు మీద చీము పొక్కు లేస్తుంది, లేదా బుగ్గ వాస్తుంది. జివ్వుమన్నప్పుడే పోతే ఫిల్లింగుతో అయిపోతుంది, పోటు దాకా ఆగితే రూట్ కెనాల్, వేళ్ళ దగ్గర ఎముక కూడా తినేసి పన్ను ఊగుతుంటే ఇక పీకుడే.

ఫిల్లింగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాది తెల్ల కాంపోజిట్, నీలం లైటు పెట్టి పొరలు పొరలుగా గట్టిపరిచేది. వేసేటప్పుడు అక్కడ ఉమ్మి తడి తగలకూడదు, తగిలితే పట్టు సరిగ్గా రాదు, అందుకే నోట్లో అంత దూది కుక్కుతారు. ఆ కాసేపు మాటలు బంద్. ఏళ్ళు గడిచాక నా ఫిల్లింగు అంచున సన్నటి గోధుమ గీత వచ్చింది, చూసిన డాక్టరు అది రంగే, పుచ్చు కాదు అని పైపైన పాలిష్ చేసి వదిలేసింది. గీత కనపడగానే మొత్తం తీసి కొత్తది వేస్తామనే వాళ్ళున్నారు. తీసిన ప్రతిసారీ మంచి పన్ను కూడా కాస్త పోతుంది, కాబట్టి ఎందుకు తీస్తున్నారో ఎక్స్‌రేలో చూపించమని అడగాలి.

రూట్ కెనాల్‌కు జనం భయపడేంత సీన్ లేదు. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంటుంది, ఆ తర్వాత సగం పెదవి, సగం నాలుక మనవి కానట్టుంటాయి, అది రెండు మూడు గంటలు. ఆలోపు తిండి జోలికి పోకండి, పెదవి కొరుక్కున్నా తెలియదు. పంటి నెత్తిన చిన్న రంధ్రం చేసి, దాంట్లోంచి సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళు దింపి, కుళ్ళిన నరమంతా గీకి బయటికి తీస్తారు. నడుమ నడుమ కడుగుతుంటే పంచాయతీ ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తుంది, రాక ఏం చేస్తుంది, కడిగేది దాని జాతిదే అయిన సోడియం హైపోక్లోరైట్‌తోనే. తాత్కాలికంగా మూసి పంపితే ఇంటికొచ్చేదాకా నోరంతా లవంగాల వాసన, ఆ సిమెంటులో ఉండేది లవంగ నూనెలోని యూజినాలే. చివరికి ఆ సందుల్లో గట్టాపర్చా అనే చెట్టు పాల రబ్బరు నింపి మూసేస్తారు.

ఇదంతా మా చిన్నాయనకు చెబుతుంటే, "అంటే మోటారు రీవైండింగ్ చేసినట్టేనారా, నడుస్తది గని కొత్త మోటారైతే కాదు" అన్నాడు. బోర్లు వేసి వేసి అలసిపోయిన మనిషి, ఆయనకు అర్థమైనంత తేలిగ్గా నాకు కూడా కాలేదు. ఆయన అడిగిన రెండో ప్రశ్న ఇంకా మంచిది. "నరమే తీసేసినంక ఆ పన్ను సచ్చినట్టే గదా, మరి నోట్లె ఎట్ల నిలవడ్తది?" పన్ను ఎముకకు నేరుగా అంటుకుని ఉండదు, వేరు చుట్టూ సన్నటి నారల పొర ఉంటుంది, పన్నును పట్టుకునేది అదే. దానికి రక్తం, స్పర్శ వేరే దారిన అందుతాయి. అందుకే నరం తీసేసినా పన్ను ఊడిపోదు, కొరికితే ఒత్తిడీ తెలుస్తుంది.

ఈ ఒత్తిడి సంగతి తెలియకపోతే నేను ఇంకా చాలాకాలం బాధపడేవాణ్ణి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను లోపల డొల్ల, బొక్క కొరికితే నిలువుగా చీలే ప్రమాదం, చీలితే పీకడం తప్ప దారి లేదు, అందుకని క్యాపు వేయాలి. ఇది డబ్బు కోసం చెప్పే మాట కాదు, దవడ పళ్ళ విషయంలో నిజంగా అవసరం. పన్ను చుట్టూ అరగదీసి, కొలత తీసి ల్యాబుకు పంపితే అక్కడ తయారై వస్తుంది. నాకు క్యాపు వేసిన చోట మత్తు పూర్తిగా దిగకముందే బిగించి పంపేశారు. మత్తులో "ఎత్తు తగులుతోందా" అని అడిగితే ఏం చెబుతాం? ఇంటికొచ్చాక నోరు మూస్తే మొదట ఆ ఒక్క పన్నే తగులుతోంది. ఫోన్ చేస్తే "రెండ్రోజుల్లో అలవాటవుతుంది" అన్నారు. అలవాటు కాలేదు, దవడ నొప్పి, చెవి దాకా లాగుడు. రూట్ కెనాల్ ఫెయిలైందేమోనని అదో టెన్షన్. చివరికి వేరే డాక్టరు దగ్గరికి పోతే ఆమె నీలం కాగితం పళ్ళ నడుమ పెట్టి టక్ టక్ కొరకమంది, క్యాపు మీద ఒక్క చోట ముదురు నీలం చుక్క పడింది, మిగతా పళ్ళ మీద గీత కూడా లేదు. ఆ చుక్కను కాస్త అరగదీసి మళ్ళీ కాగితం, మళ్ళీ అరగదీత, చుక్కలు అన్ని పళ్ళ మీదా సమానంగా పడేదాకా. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. క్యాపు వేయించుకునే వాళ్ళు మత్తు దిగాక ఇంకోసారి ఆ కాగితం పెట్టించుకోండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఇప్పుడు అంచు సంగతి. క్యాపుకు పుచ్చు పట్టదు, నిజమే, కానీ అది ఎక్కడ ముగుస్తుందో అక్కడ నా సొంత పన్ను మొదలవుతుంది. వయసుతో చిగురు కొంచెం కిందికి జారింది, క్యాపు కింద సన్నగా వేరు కనబడటం మొదలైంది, వేరు మీద ఎనామెల్ ఉండదు కాబట్టి అక్కడ పుచ్చు తొందరగా పడుతుంది. పైగా నరం లేని పన్ను, పుచ్చినా జివ్వుమనదు, అరవదు. నాకు తెలిసిందల్లా ఆ సందులో కూర ఇరుక్కోవడం, దారంతో తీస్తే వాసన రావడం. ఎక్స్‌రేలో క్యాపు అంచు కింద చిన్న నల్ల నీడ కనపడింది. అది పైకి అందే చోటే ఉండటంతో శుభ్రం చేసి గ్లాస్ అయానమర్ సిమెంటుతో పూడ్చారు, క్యాపు తీయాల్సిన పని పడలేదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ఏదో ఒకరోజు క్యాపు, దాంతో పాటు లోపలి మొండి కూడా చేతిలోకి వచ్చేవి. అప్పటి నుంచి క్యాపు పళ్ళకు ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకుంటున్నాను, రాత్రి పూట సందుల బ్రష్ వాడుతున్నాను. రుచీ పచీ లేని పని, కానీ పదేళ్ళు దాటిన క్యాపు ఇంకా ఉందంటే దీనివల్లే.

ముందు పళ్ళ కథ మా జిల్లా కథ. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు మా వయసు వాళ్ళెవరైనా నవ్వితే చూడండి, సున్నం తెలుపు మచ్చలో, గోధుమ చారలో, కొందరికి గుంటలో కనిపిస్తాయి. పళ్ళు సరిగ్గా తోమక వచ్చినవి కావు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే ఎనామెల్ గట్టిపడటంలోనే లోపం వస్తుంది, దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు "నల్లగొండ టెక్నిక్" అనే పేరు పెట్టారు, మన పేరు ప్రపంచానికి ఎందుకు తెలిసిందో చూడండి. ఇప్పుడు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, మా చెల్లె పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. నీళ్ళు మారినంత మాత్రాన మావి మారవు.

పెళ్ళి చూపుల వయసులో నేను అడిగిన మొదటి చోట "ఆరు పళ్ళూ అరగదీసి క్యాపులు వేసేద్దాం, సినిమా హీరోలా ఉంటావు" అన్నారు. అప్పటికి నా పళ్ళు రంగు తప్ప గట్టిగానే ఉన్నాయి. గట్టి పళ్ళను చుట్టూ అరగదీస్తే అది మళ్ళీ రాదు, పైగా వయసు చిన్నదైతే క్యాపులు జీవితంలో ఎన్నోసార్లు మార్చుకోవాలి. రెండో చోట చెప్పిన దారి పట్టాను: పైన కొద్దిగా రుద్ది, మచ్చ ఎక్కువున్న పళ్ళకే కాంపోజిట్ పూత. దానికి ముందు పంటి మీద నీలం రంగు యాసిడ్ జెల్ పెట్టి గరుకు చేస్తారు. ఫ్లోరోసిస్ పన్ను పై పొర యాసిడ్‌కు తొందరగా లొంగదు, అందుకే నాకు మామూలుకన్నా ఎక్కువసేపు ఉంచారు. ఫలితం ఎలా ఉందంటే, మొదట్లో బాగుంది, తర్వాత చాయ్, పసుపు కలిసి మెల్లగా మసకబారింది, ఏడాది రెండేళ్ళకోసారి పాలిష్ అవసరం. సకినం ముందు పళ్ళతో కొరికితే ఒక మూల పెచ్చు లేచింది, అదే రోజు అతికించారు. పంటి ముందు వైపు అతికించే పలచటి పింగాణీ పెంకు, అంటే వెనీర్, అయితే ఇంతగా మసకబారదు, కానీ ధర చాలా ఎక్కువ, పగిలితే కొత్తదే. నేనైతే మళ్ళీ కాంపోజిట్టే వేయించుకుంటాను.

ఇంకో మాట, మా దగ్గర ఫ్లోరైడ్ పేరు చెబితేనే పేస్టు కూడా మానేసి బొగ్గు పొడితో తోమే వాళ్ళున్నారు. మింగిన ఫ్లోరైడ్ వేరు, పంటి పైపైన తగిలే కొద్దిపాటి ఫ్లోరైడ్ వేరు, రెండోది పుచ్చును ఆపుతుంది. చిన్నపిల్లలకు మాత్రం బియ్యపు గింజంత పేస్టు చాలు, మింగకుండా దగ్గరుండి చూడాలి. బొగ్గు పొడి, ఇటుక పొడి ఎనామెల్‌ని అరగదీస్తాయి.

బ్రిడ్జి మీద నాకు సగం మంచి మాటే ఉంది. ఊడిన పన్ను జాగా ఖాళీగా వదిలేస్తే పక్క పళ్ళు అటు ఒరుగుతాయి, పైది కిందికి దిగుతుంది, అందుకని ఏదో ఒకటి పెట్టక తప్పదు. బ్రిడ్జి తొందరగా అయిపోతుంది, బాగా నమలొచ్చు, కాకపోతే రెండు పక్కల పళ్ళనూ అరగదీయాలి, మధ్య పన్ను కింద రోజూ శుభ్రం చేసుకోవాలి. ఇంప్లాంట్ అయితే పక్క పళ్ళ జోలికి పోదు, టైటానియం స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, బీడీ సిగరెట్లు ఉన్నా అది నిలవడం కష్టం. నాకప్పుడు అంత డబ్బు లేదు, అందుకే బ్రిడ్జి. మా అమ్మది పూర్తి కట్టుడు పళ్ళ సెట్టు. పైది బాగానే పట్టుకుంటుంది, కింది సెట్టు మాత్రం మాట్లాడితే లేస్తుంది, పళ్ళు లేని చోట ఎముక అరుగుతూ పోతుంది కాబట్టి. లోపలి వైపు మళ్ళీ సరి చేయించాక ఒక ఏడాది నెమ్మది. రాత్రి తీసి మామూలు నీళ్ళలో వేయాలి, వేడి నీళ్ళు పోస్తే ఆకారం పోతుంది.

ఖర్చు సంగతికొస్తే, మామూలు హెల్త్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పంటి పని రాదు, ముందే పాలసీ చూసుకోండి. తీరిక ఉన్నవాళ్ళకు డెంటల్ కాలేజీలు మంచి దారి, మనకు నార్కట్‌పల్లి దగ్గర కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ ఉన్నాయి. కాలేజీ అన్నాక విద్యార్థులే చేస్తారు, పైన సారు వచ్చి చూశాకే తర్వాతి పని, కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి, ఖర్చు మాత్రం ప్రైవేటుకన్నా బాగా తక్కువ. ఎక్కడ చేయించుకున్నా బిల్లు మీద ఏ పన్ను, ఏ రకం క్యాపు, మెటలా, మెటల్ సిరామిక్కా, జిర్కోనియానా (మెటల్ లేని గట్టి సిరామిక్) అనేది రాయించుకోండి. జిర్కోనియా అయితే ల్యాబు వారంటీ కార్డు అడిగి తీసుకోండి. రూట్ కెనాల్ అయిపోయిన రోజు ఎక్స్‌రే ఫోన్లోకి పంపించుకోండి, ఏళ్ళ తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మొదట అడిగేది అదే.