స్కూల్ మ్యూజికల్‌కి వైర్‌లెస్ మైకులు అద్దెకు తీసుకుంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

"స్కూల్ ప్యాకేజీ" పేరుతో ఒకేసారి పదహారు హెడ్‌సెట్ మైకులు, మిక్సర్, స్పీకర్లు కలిపి చవగ్గా అద్దెకిస్తామనేవాళ్లని ముందుగా ఒక్కటే అడగండి: ఈ మైకులు ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తాయి? "2.4 గిగాహెర్ట్జ్" అన్నా, "అవన్నీ మీకెందుకండీ, మేం చూసుకుంటాం కదా" అన్నా, డబ్బు కట్టకండి. మేం కట్టాం. మొదటి రోజు షోలో సగం పాటలకి పిల్లల నోళ్లు కదలడమే కనిపించింది, గొంతు మాత్రం వినపడలేదు.

ఇందులో మోసం ఎక్కడుందంటే, ఆ మైకులు రిహార్సల్లో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి దాదాపు ఎక్కడా లైసెన్స్ అక్కర్లేదు, అందుకే చాలా చవక సెట్లు అందులోనే వస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే తిరుగుతుంటాయి. ఖాళీ హాల్లో వాటి గోల తక్కువ. షో రోజు ప్రతి సీట్లోనూ ఒక ఫోను, కొందరి చేతికి స్మార్ట్ వాచీ, చెవుల్లో ఇయర్‌బడ్స్. దానికి తోడు మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఈ సిగ్నల్‌ని మనుషులే చాలావరకు పీల్చేసుకుంటారు. అద్దెకిచ్చినవాళ్లు మైకుల సిగ్నల్ అందుకునే రిసీవర్లన్నీ హాలు వెనకాల మిక్సర్ పక్కన పెట్టి వెళ్లారు. అంటే ప్రతి పిల్ల గొంతూ జనం మధ్యలోంచి ఈదుకుంటూ వెనక్కి చేరాలి. తల్లిదండ్రులు వీడియో తియ్యడానికి లేచి నిలబడ్డ ప్రతిసారీ ఏదో ఒక మైక్ పోయేది. పాపం, తమ పిల్ల పాట రికార్డు చేసుకుందామని లేచినవాళ్లే ఆ పాటకి అడ్డం పడ్డారని వాళ్లకేం తెలుసు!

పదహారూ అవే అనుకుంటే పొరపాటు. కొన్ని యూహెచ్‌ఎఫ్ సెట్లు (టీవీ ప్రసారాలు నడిచే, 2.4 గిగాహెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలవి) కలిపి ఇచ్చారు. మంచిదే అనుకున్నాం గానీ వాటి సమస్య ఇంకోటి. రెండు ట్రాన్స్‌మిటర్లు (మైక్ సిగ్నల్‌ని గాల్లోకి పంపే పెట్టెలు) దగ్గర దగ్గరగా ఉంటే వాటి సిగ్నళ్లు కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఒకటి 600 మెగాహెర్ట్జ్, ఇంకోటి 601 అనుకోండి, 599 మీదా 602 మీదా గోల వస్తుంది. మూడో మైక్‌ని ఫ్రీక్వెన్సీల మధ్య సమానదూరం పాటించి 602 మీద పెట్టారో, అది సరిగ్గా ఆ గోలలోనే కూర్చుంటుంది. మా సెట్లని ఇలాగే సమానదూరంలో అమర్చి పంపారు. విడివిడిగా పరీక్షిస్తే ఏ మైక్‌కీ జబ్బు లేదు, కోరస్ మొత్తం ఒకేసారి ఆన్ చేస్తే బరబర. పని తెలిసిన సౌండ్ వాళ్లు ముందే లెక్క వేసి ఫ్రీక్వెన్సీ లిస్టు ఇస్తారు. ఆ లిస్టు అడగండి. యూహెచ్‌ఎఫ్‌లో ఏ భాగం వాడొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అది అనుమతి ఉన్న బ్యాండేనా అని కూడా అడగండి.

బ్యాటరీల సంగతి: ఇచ్చినవి పాత రీఛార్జబుల్స్, ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు. కొత్తవి మనమే కొనుక్కోవడం నయం.

అసలు దెబ్బ షో అయ్యాక తగిలింది. మా మ్యూజికల్ మొత్తం పేరెంట్స్ మీదే నడిచింది. సెట్ కట్టినా, కాస్ట్యూమ్స్ కుట్టినా, స్టేజ్ పక్క వింగ్స్‌లో పిల్లలకి మైకులు తగిలించినా అంతా మనవాళ్లే. సరుకు తీసుకున్న కాగితం మీద సంతకం కూడా ఒక తల్లిదే, స్కూల్ పేరు ఎక్కడా లేదు. డిపాజిట్ అడిగితే "చెమట పట్టి మైకులు పాడయ్యాయి, ఆపరేట్ చేసింది మా మనిషి కాదు, మీ వాలంటీర్లు" అన్నారు. డాన్సులు చేస్తూ పాడే పిల్లలకి హెడ్‌సెట్ మైకులు అద్దెకిచ్చి, చెమట పట్టిందని తప్పు పట్టడం నాకైతే నోటమాట రాని విషయం. కానీ కాగితం మీద ఆ షరతు ఉంది, చిన్న అక్షరాల్లో. మీరైతే ఒప్పందం స్కూల్ పేరుతోనే రాయించండి, మామూలు వాడకంలో జరిగే అరుగుదలకి డిపాజిట్‌లో కోత ఉండదని అందులోనే చేర్పించండి. ప్రతి సెట్‌నీ తీసుకునేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు నంబరు కనిపించేలా ఫోటో తీయండి. షో పూర్తయ్యేదాకా వాళ్ల మనిషి ఒకరు అక్కడే ఉండాలని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకొకర్ని వెతుక్కోవడమే.

రెండో రోజు షోని మా పేరెంట్స్‌లో ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఒకాయన చాలావరకు కాపాడారు. రిసీవర్లని వెనక నుంచి తీసి స్టేజ్ పక్క వింగ్స్‌లో పెట్టించి, అక్కడి నుంచి మిక్సర్ దాకా పొడవాటి కేబుల్ లాగించారు. గొంతు కేబుల్లో హాలు చివరిదాకా బాగానే వస్తుంది, గాల్లో ప్రయాణించే దూరాన్నే తగ్గించాలట. మైకులు సోలో పాడేవాళ్లకే ఉంచి, కోరస్ కోసం స్టేజ్ అంచున వైర్ మైకులు పెట్టాం. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని షోకి ముందు, ఇంటర్వెల్లో అనౌన్స్ చేశాం. అక్కడక్కడా తెగింది గానీ కథ అర్థమైంది. నన్నడిగితే స్కూల్ షోకి పదహారు మైకులు అవసరమే లేదు, పనిచేసేవి ఆరుంటే చాలు.

డిపాజిట్‌లో సగం వెనక్కి వచ్చింది. మిగతా సగం కోసం స్కూల్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపాం, ఇంకా జవాబు రాలేదు.