'పుట్ ఆఫ్' లాంటి జంట మాటల ఇంగ్లిష్ క్రియలు (ఫ్రేజల్ వెర్బ్స్) నేర్చుకోవడానికి లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీ ఎలా ఉంది?

'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం అని బట్టీ పట్టినవాళ్లు "ద స్మెల్ పుట్ మీ ఆఫ్" దగ్గర ఆగిపోతారు. వాసన మనిషిని వాయిదా వేయడమేమిటి? ఆ వాసనకి తినబుద్ధి కాలేదని అక్కడి అర్థం. ఒక మాటకి ఒకే తెలుగు మాట ఇచ్చి ఊరుకునే యాప్‌లు ముంచేది ఇక్కడే.

లాంగ్‌మన్ వెబ్‌సైట్ ఉచితం. 'పుట్' ఒక్కటే కొడితే పేజీ చేంతాడంత వస్తుంది, రెండు మాటలూ కలిపి వెతకండి. వాయిదా వేయడం, మనసు విరిచేయడం, ధ్యాస చెదరగొట్టడం వేటికవే విడిగా కనిపిస్తాయి. వివరణలు దాదాపు 2000 తేలిక మాటల్లోనే రాస్తారు కాబట్టి అర్థానికి మళ్లీ అర్థం వెతుక్కునే బాధ తక్కువ. 'చెప్పేశాడు', 'తినేశాడు' అన్నప్పుడు అందులో 'వేయడం' ఉన్నా మనం దేన్నీ విసిరేయడం లేదు కదా, అలాగే, 'పుట్'లో కూడా పెట్టడాన్ని వెతకొద్దు.

ఈ డిక్షనరీలో అన్నిటికంటే విలువైనది '↔' గుర్తు. అది ఉంటే కర్మని, అంటే దేన్ని వాయిదా వేశామో ఆ మాటని, మధ్యలోనైనా చివరైనా పెట్టొచ్చు: 'పుట్ ద మీటింగ్ ఆఫ్', 'పుట్ ఆఫ్ ద మీటింగ్' రెండూ ఒప్పే. 'ఇట్', 'హిమ్', 'దెమ్' లాంటి సర్వనామాలు మాత్రం మధ్యలోనే రావాలి. 'పుట్ ఇట్ ఆఫ్' సరైనది, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే, బాణం చూసి ఈ నియమాన్ని మనమే గుర్తు చేసుకోవాలి. 'లుక్ ఆఫ్టర్'కి బాణం ఉండదు, దాన్ని విడదీయకూడదు.

'పుట్ ఆఫ్ డూయింగ్ సమ్‌థింగ్' అనే నమూనా కూడా చూడండి. 'వెళ్లడం వాయిదా వేశాడు' అన్నప్పుడు ఆ 'వెళ్లడం' ఉన్నచోట 'గోయింగ్' పెట్టాలి, 'టు గో' కుదరదు.

తెలుగు అర్థాలు లేకపోవడం పెద్ద లోటే. మొదటి రోజుల్లో పక్కన ఒక ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు ఉంచుకోక తప్పదు. ఉదాహరణ వాక్యాల పక్కన స్పీకర్ బొమ్మ ఉంటుంది, నొక్కి వినండి: 'పుట్ ఇట్ ఆఫ్'లో ఊనిక 'ఆఫ్' మీద పడుతుంది. చాలామంది 'పుట్'ని ఒత్తుతారు.

'కాల్ ఆఫ్' పేజీని మరో ట్యాబులో తెరిచి పోల్చుకోండి. ఆఫీసు మెయిల్లో 'కాల్డ్ ఆఫ్' అంటే మీటింగ్ రద్దయినట్టే, ఎవరూ రారు. గురువారానికి జరిపితే 'పుట్ ఆఫ్ అంటిల్ థర్స్‌డే' అని రాయాలి.