పాయింట్ రేయిస్ సౌత్ బీచ్: చూసి రండి, నీళ్లలో మాత్రం దిగొద్దు

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, 1962లో ఏర్పడిన రక్షిత తీరంలో ఉందీ బీచ్. టికెట్ లేదు, లైఫ్‌గార్డూ లేడు. కారు దిగితే ఇసుకే కాబట్టి, బే ఏరియాలో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలకీ నడక కష్టం కాదు.

అసలు చిక్కు అలలతోనే. కాసేపు చిన్నచిన్నవే వచ్చి, ఉన్నట్టుండి ఒకటి మెట్టదాకా ఎగబాకుతుంది. ఒడ్డు ఏటవాలు, వెనక్కి మళ్లే నీరు కాళ్లకింది ఇసుకని లాగేస్తుంది, నిలబడలేం. నీళ్లు 10–13 డిగ్రీలే, ఈతొచ్చినా కాళ్లూచేతులూ త్వరగా కొయ్యబారతాయి. ఇసుక ఎక్కడిదాకా తడిసిందో చూసి, దానికి బాగా పైన నడవండి. కొట్టుకొచ్చిన దుంగ తడిగా ఉందా? అల అక్కడిదాకా వచ్చినట్టే, దానిమీద కూర్చోవద్దు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు అసలే వద్దు.

జూలైలో వెళ్తే ఎండ అనుకుంటారు, దొరికేది పొగమంచూ ఈదురుగాలీ. సెప్టెంబరు, అక్టోబరు నయం. పెట్రోలు పాయింట్ రేయిస్ స్టేషన్ ఊళ్లోనే కొట్టించుకోండి, మ్యాపూ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ తర్వాత సిగ్నల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. పులిహోర తెచ్చుకుంటే మూత గట్టిగా పెట్టండి, కాకులు ఊరుకోవు.