హెచ్‌ఎండీఏ భూ వినియోగ ధ్రువపత్రం: స్థలం కొనేముందు చూడాల్సిన కాగితం

హైదరాబాద్ శివార్లలో స్థలం కొనేవాళ్లు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఇచ్చే ఈ పత్రాన్ని తప్పక చూడాలి. 2013లో నోటిఫై అయిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్-2031 అనే మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందా, పెరి అర్బనా (నగర అంచు జోన్), కన్జర్వేషనా (వ్యవసాయం వంటి వాటికి ఉంచిన జోన్) అన్నది చెబుతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే కావడం సుఖం.

చిక్కంతా జతచేసే కాగితాల్లో ఉంది. దస్తావేజు, పాస్‌బుక్ ఉంటే సరిపోదు. హద్దులు గుర్తించిన స్కెచ్ పక్కాగా ఉండాలి. సర్వే నంబరు బై నంబర్లుగా (ఉప నంబర్లుగా) చీలిపోయి ఉంటే మీ ముక్క ఎక్కడుందో గ్రామపటంలో కనబడదు. అప్పుడు మొత్తం సర్వే నంబరుకు జవాబొస్తుంది: ‘కొంత నివాస, కొంత కన్జర్వేషన్, కొంత ప్రతిపాదిత రోడ్డు’. అది చేతిలో పెట్టుకుని బేరం ఎలా తేలుస్తారు? లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో హద్దు మూలల జీపీఎస్ కోఆర్డినేట్లు తీయించి, స్కెచ్ మీద వేయించండి. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

ప్రతిపాదిత రోడ్డు వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. నేల మీద బండిబాట కూడా లేకపోవచ్చు. అయినా అనుమతికి వెళ్లినప్పుడు ఆ వెడల్పు వదిలాకే మిగిలిన స్థలానికి ప్లాన్ ఇస్తారు. రెండొందల గజాల ప్లాటుకు అది చావుదెబ్బ.

ఈ పత్రం యాజమాన్యం గురించి ఏమీ చెప్పదు. పక్కనే చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ విడిగా తేల్చుకోవాలి. జోన్ మార్పిస్తామనే బ్రోకర్ మాటకు అడ్వాన్స్ ఇవ్వకండి; ఆ మార్పు ప్రభుత్వ ఉత్తర్వుతో జరగాల్సిందే.