గడియారం సెల్లు అయిపోతే గ్రబ్‌ని తిట్టాను: పాత మెషీన్‌లో ఆరేళ్ల లినక్స్ మింట్

మాది పర్లాకిమిడి, ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఊరు. పాతపట్నం వైపు నుంచి తెలుగులో అడిగేవాళ్లు, ఇటు ఊళ్లనుంచి ఒడియాలో అడిగేవాళ్లు, ఇద్దరికీ ఫారాలు నింపి ప్రింటు తీసి ఇచ్చే చిన్న కొట్టు నాది. 2020 జనవరిలో విండోస్ 7కి సపోర్టు ఆగిపోయింది. కొత్త మెషీన్ కొనే డబ్బుల్లేవు. ఉన్నది జీ41 చిప్‌సెట్ అసెంబుల్డ్ డబ్బా: కోర్ 2 డుయో ఈ7500, నాలుగు జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. దాంట్లో విండోస్ బదులు, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 19.3, తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం వేశాను. ఈరోజుకీ ఆ డబ్బా మీదే బతుకుతున్నాను, ఇప్పుడు 21.3 నడుస్తోంది. ఒకసారి లేచిందంటే సాయంత్రం దాకా దానితో పేచీ లేదు. పేచీ అంతా పొద్దున్న లేవడం దగ్గరే.

2021లో 240 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టి, మింట్ దాంట్లోకి మళ్లీ ఎక్కించాను. రెండు నిమిషాలు పట్టే బూట్ అర నిమిషానికి వచ్చింది. పాత 320 జీబీ డిస్కుని పారెయ్యబుద్ధి కాక, దాన్నీ ఫార్మాట్ చేసి ఫైళ్లు దాచుకోడానికి లోపలే ఉంచాను. ఆ పిసినారితనమే తర్వాత కొంప ముంచింది.

ఆ వానాకాలం ఒకరోజు పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి బయట నలుగురు పిల్లలు, ప్లస్ టూ అడ్మిషన్ ఫారాలకి. మెషీన్ ఆన్ చేస్తే నల్ల స్క్రీను మీద రెండు మూడు లైన్లే. ‘నో సచ్ పార్టిషన్’ అని ఒకటి, కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఒకటి. గ్రబ్ అంటే మెషీన్ ఆన్ కాగానే లినక్స్‌ని లేపే చిన్న ప్రోగ్రాము. వెనకనుంచి ఒక కుర్రాడు ‘భాయి, హెలా కి?’ (అన్నా, అయిందా?) అంటున్నాడు. ఏమవుతుంది నా మొహం!

ఫోన్లో చూసుకుంటూ కొట్టాను. ఎల్ఎస్ అని కొడితే డిస్కులూ వాటి భాగాలూ బ్రాకెట్లలో వస్తాయి. ఒక్కోదాని పేరు పక్కన ఏటవాలు గీత (/) పెట్టి మళ్లీ ఎల్ఎస్ కొడితే, ఎందులో బూట్ ఫోల్డరు ఉందో తెలుస్తుంది. నాకు రెండో డిస్కు మొదటి భాగంలో దొరికింది. గ్రబ్ తన ఫైళ్లు వెతుక్కునే చోట్లయిన రూట్‌నీ, ప్రిఫిక్స్‌నీ దానికి సెట్ చేసి, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆ తర్వాత నార్మల్ అని కొట్టగానే మామూలు మెనూ వచ్చేసింది. ఒక చిన్న తిరకాసు ఉంది: రెండు డిస్కుల్లోనూ గ్రబ్ వెర్షన్ ఒకటే కాబట్టి నాకు పని జరిగింది. వెర్షన్లు వేరైతే ‘సింబల్ నాట్ ఫౌండ్’ అంటుంది, అప్పుడు లైవ్ పెన్‌డ్రైవే (డిస్కు మీద ఆధారపడకుండా లినక్స్ లేపేది) గతి.

సాయంత్రం బయోస్‌లోకి (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి బూట్ ఆర్డర్‌లో, అంటే ఏ డిస్కు నుంచి ముందు లేవాలో చెప్పే వరసలో, ఎస్ఎస్‌డీని ముందుకి తెచ్చి సేవ్ చేశాను. నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి చూశాను, బుద్ధిగా లేచింది. మర్నాడు పొద్దున్న మళ్లీ గ్రబ్ రెస్క్యూ. ఏదో అప్‌డేట్ పాడు చేసిందనుకుని గ్రబ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఎర్రర్ లేదు. ఆ మర్నాడు మళ్లీ అదే. వారం రోజులు అగరొత్తి వెలిగించగానే ఆ అయిదు లైన్లూ మంత్రంలా కొట్టి దుకాణం తెరిచాను. లినక్స్‌ని తిట్టని తిట్టు లేదు.

చివరికి దొరికింది ఒక ఆదివారం. తొందరలో రోజూ ఎఫ్1 నొక్కి దాటేస్తున్న మొదటి తెరని ఆరోజు నింపాదిగా చదివాను. ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’, అంటే బయోస్ దాచుకున్న సెట్టింగులు చెదిరిపోయాయని. బయోస్‌లో తేదీ చూస్తే 2009 జనవరి 1! మదర్‌బోర్డు మీద బిళ్లంత సెల్లు అయిపోయింది. వర్షాకాలం పిడుగుల భయంతో రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లడం నాకు అలవాటు. కరెంటు ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటే ఆ సెట్టింగులని బతికిస్తుంది. మెయిన్ కట్టేస్తే సెల్లే దిక్కు, అది చచ్చింది. అంతే, బూట్ ఆర్డర్ మొదటికి పోయి పాత డిస్కు ముందుకొచ్చేది. ఆ డిస్కు ఫార్మాట్ చేసినా దాని మొదటి సెక్టారులో పాత గ్రబ్ ముక్క మిగిలే ఉంది. లేని పార్టిషన్‌ని వెతుక్కుంటూ అది నన్ను ఏడిపించింది.

డెస్క్‌టాప్ మీద టైము మాత్రం ఎప్పుడూ కరెక్టుగానే కనపడేది, నెట్ తగలగానే మింట్ సర్దేసుకుంటుంది కదా. అందుకే అనుమానం రాలేదు. నెట్ లేటుగా వచ్చిన రోజుల్లో, తేదీ సర్దుకునేలోపు వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ చెల్లదని మొరాయించేవి. దాన్నీ నెట్ కంపెనీ తప్పనుకున్నాను.

మల్టీమీటర్ పెడితే మూడు ఓల్టుల సెల్లు 2.3 చూపించింది. బజారులో వాచీలు బాగుచేసే తాత దగ్గర సీఆర్2032 అడిగితే, ‘ఏటి బాబూ, కంప్యూటరుక్కూడా గడియారం సెల్లేనా?’ అని నవ్వాడు. నలభై రూపాయలు. అప్పటినుంచి ఎవరి పాత మెషీన్ మొరాయించినా, కమాండ్ల జోలికి పోకముందు బయోస్ తేదీ చూస్తున్నాను.

ఆ కోపంలో పాత డిస్కు పీకి పారేశాను. వెంటనే ఇంకో గొడవ: బూట్ మధ్యలో ‘స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అంటూ నిమిషంన్నర నిలబడిపోవడం. ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, ఇప్పుడు లేని ఆ డిస్కు లైను తీసేస్తే పోయింది. పెడుతూ తీస్తూ ఉండే డిస్కైతే ఆ లైన్లో ‘నోఫెయిల్’ అని చేరిస్తే చాలు. పెద్ద శుభలేఖల డిజైన్లకని ఒక పాత గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే మెనూ తర్వాత నల్లతెరే వచ్చింది. మెనూలో ‘ఈ’ (e) అక్షరం నొక్కి, ‘క్వైట్ స్ప్లాష్’ పక్కన ‘నోమోడ్‌సెట్’ రాసి ఎఫ్10 కొడితే లేచింది గానీ, స్క్రీను ముతకగా ఉండేసరికి కార్డే పీకేశాను. బూట్ మధ్యలో ‘ఇనిట్‌రామ్ఎఫ్ఎస్’ అని చూపించి ఆగిపోవడం ఆరేళ్లలో మూడుసార్లు. రెండుసార్లు కరెంటు పోయినందువల్ల; డిస్కు తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే కుదురుకుంది. మూడోసారి వదులైన సాటా కేబులు.

గుణుపురంలో మా బావమరిదికి ఆటమ్ ఎన్270 నెట్‌బుక్ ఒకటుంది. మింట్ పెన్‌డ్రైవ్ పెడితే ‘ఈ కెర్నలుకి 64 బిట్ ప్రాసెసర్ కావాలి’ అన్న అర్థం వచ్చే ఒక్క లైను చెప్పి ఆగింది. అది 32 బిట్ ముండ. పాత మెషీన్లకి పనికొచ్చే యాంటీఎక్స్ 23 అనే ఇంకో లినక్స్ వేశాను, ఒక జీబీ ర్యామ్‌లో పాటలూ పీడీఎఫ్‌లూ వస్తున్నాయి. బ్రౌజరు తెరిస్తే మాత్రం బావమరిది నన్నే చూస్తాడు. యాంటీఎక్స్‌కి పునాది అయిన డెబియన్ లినక్స్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ కూడా తీసేశారు కాబట్టి, అలాంటి మెషీన్ మీద ఇక ఒక్క రూపాయి పెట్టొద్దని చెప్పాను.

మింట్‌కి నేనిచ్చే మార్కులు అయిదుకి నాలుగు. తెలుగూ ఒడియా రెండూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో హాయిగా కొడుతున్నాను, వైరస్ బెడద లేదు, స్కానర్ తనంతట తానే దొరికింది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, శుభలేఖలకి వాడే పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ దీంట్లో నడవదు. ఆ పని వస్తే ఇప్పటికీ పక్క కొట్టుకే పంపుతున్నాను. మీ ఆదాయం దానిమీదే అయితే ఇటు రాకండి. 21.3కి 2027 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి, అప్పటిదాకా నాకు దిగుల్లేదు.

లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి, కొత్త సెల్లు ఒకటి క్యాష్ డ్రాయర్లో చిల్లర పక్కనే పడి ఉంటాయి. మొన్నామధ్య చిల్లర కోసం తీస్తూ ఆ సెల్లుని రూపాయి బిళ్లనుకుని ఒకాయన చేతిలో పెట్టాను. రెండడుగులు వేసి వెనక్కొచ్చి ఇచ్చి వెళ్లాడు.