రస్ట్ ఇన్ పీస్: ఏడో పాటలో ఆ ఒక్క నిమిషం

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెగాడెత్ వాళ్ల ఆల్బమ్ ‘రస్ట్ ఇన్ పీస్’ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను నేరుగా ఏడో పాట పెడతాను. పేరు ‘టొర్నాడో ఆఫ్ సోల్స్’. మూడు నిమిషాలు దాటగానే అందులో మార్టీ ఫ్రీడ్‌మన్ గిటార్ సోలో, అంటే పాడడం ఆగి గిటార్ ఒక్కటే ముందుకొచ్చే ముక్క, మొదలవుతుంది. అటూ ఇటూగా ఒక నిమిషం ఉంటుంది. ఈ ఆల్బమ్‌ని మొదట క్యాసెట్ మీద, తర్వాత సీడీ మీద కొని, ఇప్పుడు ఫోన్‌లో నెలనెలా డబ్బు కట్టి వింటున్నానంటే ఆ నిమిషం కోసమే. మిగతా పాటలు బాగోవని కాదు. వాటిని పొగడడానికి చాలామంది ఉన్నారు.

ఆల్బమ్ 1990లో వచ్చింది. మెటాలికా అనే ఇంకో బ్యాండ్ నుంచి డేవ్ మస్టేన్‌ని పంపించేయడం, ఆ కసితో ఆయన ఈ బ్యాండ్ పెట్టడం, ఇదంతా మెటల్ వినేవాళ్లకి కంఠోపాఠం కాబట్టి వదిలేస్తున్నా. వినని వాళ్లకి ఒక్క ముక్క చాలు. ఇందులో లీడ్ గిటార్ ఇద్దరు వాయిస్తారు. ఒకరు పాడుతూ వాయించే మస్టేన్. ఇంకొకరు ఈ ఆల్బమ్‌తోనే బ్యాండ్‌లో చేరిన ఫ్రీడ్‌మన్. ఇద్దరూ వేగంగా వాయిస్తారు కానీ ఇద్దరి వేగం ఒకటి కాదు. నాకు ఆ తేడా తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలియజేసిందీ మెటల్ వినేవాళ్లు కాదు.

అప్పట్లో ఒంగోలు అద్దంకి బస్టాండ్ దగ్గర క్యాసెట్ షాపుల్లో ఇంగ్లిష్ పాటలంటే మైకేల్ జాక్సన్ ఒక్కడే. ఇలాంటివి కావాలంటే మద్రాసు నుంచి రావాల్సిందే. అక్కడ చదువుకునే మా పెదనాన్న కొడుకు సెలవులకి వస్తూ ఈ క్యాసెట్ తెచ్చాడు. వారం తిరక్కుండానే అన్నయ్యకి బోరు కొట్టింది. అలాగని ఊరికే ఇవ్వలేదు, కొన్న ధర ముక్కుపిండి వసూలు చేసుకున్నాడు.

నాకు మొదట పట్టుకున్నది రెండో పాట ‘హ్యాంగర్ 18’. మాటలు తొందరగా అయిపోతాయి. ఆ తర్వాత ఇద్దరూ వంతులేసుకుని సోలోలు వాయిస్తారు. ఒకడు ఆపగానే ఇంకొకడు అందుకుంటాడు, వేగం పెరుగుతూ పోతుంది. ఎవరు ఎప్పుడు వాయిస్తున్నారో నాకు తెలిసేది కాదు. అంతా ఒకటే జోరు అనుకుని, ఆ జోరుకే సంబరపడేవాణ్ని.

మా అక్క పెళ్లి కుదిరినప్పుడు సన్నాయి మేళం మాట్లాడుకోవడానికి కరవది వైపు నుంచి ఒక పెద్దాయన ఇంటికొచ్చాడు. ఒంగోలు పక్కనే ఉన్న ఆ కరవది షేక్ చినమౌలానా గారి సొంతూరు. శ్రీరంగంలో స్థిరపడి, మద్రాసు మ్యూజిక్ అకాడమీ చేత సంగీత కళానిధి అనిపించుకున్న నాదస్వర విద్వాంసుడు ఆయన. మా ఇంటికొచ్చిన పెద్దాయనకి అంత పేరేమీ లేదు. పెళ్లిళ్లకీ గుడి ఉత్సవాలకీ వాయించేవాడు. మేమంతా సాయిబు తాత అనేవాళ్లం. వరండాలో మా నాన్నతో అడ్వాన్సు మాట్లాడుతుంటే లోపల నా టేప్ రికార్డర్ మోగుతోంది.

“ఏందిరా ఆ గోల, ఆపు,” అన్నాడు నాన్న.

“ఉండనీయండి,” అన్నాడు తాత. కాసేపు విని, నన్ను పిలిచి అడిగాడు. “ఇతను ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడు నాయనా?”

“అది గిటార్ తాతా, ఊదేది కాదు. ఊపిరితో పని లేదు,” అన్నా.

“పని లేకపోయినా తీసుకుంటున్నాడు, చూడు. అదిగో, అక్కడ. ఇప్పుడొచ్చినవాడు తీసుకోవట్లా.”

అంతే. మళ్లీ అడ్వాన్సు సంగతిలో పడిపోయాడు. నాన్న వంద తగ్గించమంటాడు, ఆయన తగ్గనంటాడు. పాట నచ్చిందని గానీ నచ్చలేదని గానీ అనలేదు. అడిగితే బహుశా నచ్చలేదనే అనేవాడు.

కానీ ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. క్యాసెట్ వెనక్కి తిప్పి విన్నా. నిజమే. మస్టేన్ సోలో మొదలుపెడితే కుక్క తరుముతున్నట్టు పరుగే. ఆగడు, నోటు మీద నోటు తోసుకుంటూ వెళ్తాడు. అదీ బాగుంటుంది, ఆయన కోపానికి అదే సరి. ఫ్రీడ్‌మన్ ఎంత వేగంగా వెళ్లినా ఒక వాక్యం పూర్తి చేసి ఆగుతాడు. ఆగిన చోట చివరి నోటుని కాస్త నిలబెట్టి, వణికించి వదులుతాడు. మళ్లీ ఇంకో వాక్యం ఎత్తుకుంటాడు. ఊదేవాడు ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో సరిగ్గా అక్కడే ఈయన ఖాళీ వదులుతున్నాడు. ఆ రోజు నుంచి ‘హ్యాంగర్ 18’లో ఎవరి వంతు ఎప్పుడొచ్చిందో కళ్లు మూసుకుని చెప్పగలుగుతున్నా.

ఇక ‘టొర్నాడో’లో ఆ నిమిషం మొత్తం ఫ్రీడ్‌మన్‌దే. స్వరం మీద నేరుగా వాలడం ఆయనకి ఇష్టం ఉండదు. కింద స్వరం దగ్గర తీగ మీటి, వేలితో పక్కకి లాగుతూ పైస్వరానికి చేరతాడు. చేరడానికి ఎంతసేపు తీసుకుంటాడన్నదే అందం. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి కావాలని ఆలస్యంగా. వీణ మీద తీగ లాగి గమకం పలికించడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అందుకే మనవాళ్లు ఇది వినగానే కర్ణాటక సంగీతం నుంచి పట్టుకెళ్లాడని చెప్పుకోవాలని చూస్తారు. నాకూ ఆ కోరిక ఉండేది. ఆయన మాత్రం జపాన్ వాళ్ల ఎంకా పాటల ప్రభావం అని చెప్పుకున్నాడు. ఆ గాయకులు గొంతుని జార్చి, వణికించి పాడే తీరు ఆయనకి అంత ఇష్టం. 2003లో ఏకంగా జపాన్ వెళ్లి స్థిరపడిపోయాడు కూడా. అంటే మూలం గొంతే. ఆ సంగతి చదివినప్పుడు సాయిబు తాత చెవి ఎంత పదునైనదో తెలిసొచ్చింది.

స్టూడియోలో ఈ సోలో రికార్డు చేశాక మస్టేన్ వచ్చి విని, ఏమీ మాట్లాడకుండా చెయ్యి కలిపి వెళ్లాడని ఫ్రీడ్‌మన్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. మస్టేన్ లాంటి మనిషి నుంచి అది పెద్ద బిరుదే.

ఇక్కడిదాకా అంతా పొగడ్తే. అసలు చిక్కు సీడీతో వచ్చింది.

క్యాసెట్ అరిగి, ఎత్తు స్వరాలు మసకబారి, చివరికి టేపు మెషిన్‌లో చుట్టుకుపోయింది. అప్పటికి నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరాను. బెంగళూరు వెళ్తున్న ఒకతన్ని బతిమాలి సీడీ తెప్పించుకున్నా. సాయంత్రం డ్యూటీ దిగి, కర్నూలు రోడ్డు మీద ఒంగోలు వస్తూ కారులో పెట్టా. మొదటి పాట ‘హోలీ వార్స్’ అదిరిపోయింది. మధ్యలో అంతా ఆగి ఫ్రీడ్‌మన్ అకౌస్టిక్ గిటార్ మీద చిన్న అరబ్బీ పోకడ ఒకటి వాయిస్తాడు. క్యాసెట్‌లో అది టేపు గరగరలో కలిసిపోయేది. ఇప్పుడు వేలికొనలు తీగకి తగలడం కూడా వినిపిస్తోంది. ‘హ్యాంగర్ 18’లో రెండు గిటార్లూ విడివిడిగా తెలుస్తున్నాయి. డబ్బులకి న్యాయం జరిగింది అనుకుంటుండగా మూడో పాట వచ్చింది.

‘టేక్ నో ప్రిజనర్స్’లో గొంతు వేరేగా ఉంది! మనిషి ఆయనే, పాడిందీ అదే, కానీ పాడిన తీరు అది కాదు. నాకు ఊపిరితో సహా బట్టీ వచ్చిన వరుసలు కొన్ని చోట్ల ముందే ముగుస్తున్నాయి, కొన్ని చోట్ల సాగుతున్నాయి. నాలుగో పాట ‘ఫైవ్ మ్యాజిక్స్’లోనూ అదే వరస. దొంగ సీడీ అంటగట్టారేమో అనుకుని కారు పక్కన ఆపి కవర్ తిప్పి చూశా. సరుకు అసలుదే. కాకపోతే 2004లో మళ్లీ మిక్స్ చేసింది, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతు, గిటార్లు, డ్రమ్స్ ట్రాకుల్ని కొత్తగా కలిపింది.

తర్వాత తెలిసిన కథ ఇది. మిక్స్ చేయడానికి మస్టేన్ పాత టేపులు తీసేసరికి కొన్ని పాటల గొంతు ట్రాకులు కనిపించలేదట. ఆ ముక్కలు మళ్లీ పాడాడు. 1990లో పాడినవాడు ముప్పై నిండని కుర్రాడు. మళ్లీ పాడినవాడు నలభై దాటిన మనిషి. ఒకే పాటలో ఒక వరుస ఆ కుర్రాడిదీ, ఇంకో వరుస ఈ పెద్దమనిషిదీ అయితే ఎలా ఉంటుంది? తెలియనివాళ్లకి తేడా ఉండదు. నాలా అరిగేదాకా విన్నవాడికి మాత్రం, తినే అన్నంలో ఒక్క రాయి చాలు. ఆ రెండు పాటలూ సీడీలో దాటేయడం అలవాటైపోయింది. చివరి పాట ‘రస్ట్ ఇన్ పీస్... పొలారిస్’లోనూ కొంత అలాగే ఉంది. అదృష్టం ఏంటంటే ఏడో పాటలో సోలో జోలికి పోలేదు. నా నిమిషం నాకు మిగిలింది. పైగా పాతదానికంటే ముందుకొచ్చి, శుభ్రంగా మిగిలింది.

ఇక్కడే నా తీర్పు తడబడుతుంది. ఫ్యాక్టరీలో రాళ్లు కోసే గ్యాంగ్ సా మిషన్ దగ్గర, పాలిషింగ్ లైన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశా. మొదట్లో చెవుల్లో ఏమీ పెట్టుకునేవాళ్లం కాదు, ఎవరూ పెట్టుకోమనేవారూ కాదు. ఆ మధ్య వినికిడి పరీక్ష చేయిస్తే గ్రాఫ్ నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గొయ్యిలా దిగింది. పెద్ద మోతల మధ్య పనిచేసేవాళ్లకి మొదట పోయేది అక్కడేనని డాక్టర్ చెప్పాడు. గిటార్ మీటినప్పుడు వచ్చే ఆ పదును, తాళాల మెరుపు చాలావరకు ఆ ప్రాంతంలోవే. అందుకని పాత మిక్స్ ఇప్పుడు నాకు దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. 2004 మిక్స్‌లో ఆ పదును కాస్త ఎక్కువ కాబట్టి సోలో తేటగా అందుతుంది. అంటే నేను తిట్టుకుంటున్న మిక్సే ఇప్పుడు నా చెవికి సరిపోయింది. గొంతు కోసం పాతది, గిటార్ కోసం కొత్తది. ఫోన్‌లో రెండూ పెట్టుకుని పాటని బట్టి మార్చుకుంటున్నా. ఇది ఎవరికీ సలహాగా చెప్పలేను. ఆరోగ్యంగా ఉన్న చెవులకి పాత మిక్సే నచ్చొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ‘పాయిజన్ వాజ్ ద క్యూర్’ మొదలైనట్టు తెలిసేలోపు అయిపోతుంది. ‘లుక్రీషియా’ నాకు ఎప్పుడూ మామూలుగానే ఉంది, ఇన్నేళ్లలో మనసు మారలేదు. ‘డాన్ పెట్రోల్’లో గిటార్లు ఉండవు. డేవిడ్ ఎలెఫ్సన్ బేస్, నిక్ మెన్జా డ్రమ్స్, గొణుగుతున్నట్టు మస్టేన్ మాటలు, అంతే. ‘టొర్నాడో’ తర్వాత ఏ గిటార్ వచ్చినా వెలవెలబోతుంది కాబట్టి దాన్ని అక్కడ పెట్టడం తెలివైన పని. మెన్జా గురించి ఇంకో మాట. ఆయన 2016లో వేదిక మీద వాయిస్తూనే కుప్పకూలి చనిపోయాడు. ఆ వార్త చదివాక డ్రమ్స్ కోసమని ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి పెట్టా. ఏడో పాట రాగానే చెవి మళ్లీ గిటార్ వెనకే పోయింది.

మస్టేన్ గొంతు అందరికీ పడదు. ముక్కుతో, పళ్లు బిగించి పాడతాడు. “ఈయనకి జలుబు ఇంకా తగ్గలేదా?” అంటుంది మా ఆవిడ. పెళ్లయినప్పటి నుంచి అదే మాట. మా అబ్బాయి గిటార్ నేర్చుకుంటున్నాడు గానీ వాడికి ఈ వేగం మీద మోజు లేదు. సోలో వినిపిస్తే బాగుంది నాన్నా అని హెడ్‌ఫోన్స్ తిరిగిచ్చేశాడు. కాబట్టి ఇది అందరూ వినాల్సిన ఆల్బమ్ అని నేను అనను. సన్నాయి మేళం మోగే ఇంటి వరండాలో పెరిగాను, రాళ్లు కోసే మిషన్ల దగ్గర చెవులు పోగొట్టుకున్నాను. నా ఇష్టంలో ఎంత సంగీతానిదో, ఎంత ఆ వరండాదో విడదీసి చెప్పడం కష్టం. మెటల్ అంటే ఒట్టి గోల అనుకుంటూ, వీణో సన్నాయో ఇష్టంగా వినేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకి మాత్రం మొదటి పాట నుంచి కాకుండా ఏడో పాటలో మూడో నిమిషం నుంచి పెట్టి చూడమంటాను.

కొనేముందు, లేదా యాప్‌లో నొక్కేముందు, పాటల పట్టిక చివర చూడండి. తొమ్మిది పాటలతో ఆగితే పాతది అయ్యే అవకాశం ఎక్కువ. తొమ్మిదో పాట తర్వాత ‘మై క్రియేషన్’ అని ఇంకోటి, దాని కింద డెమోలు కనిపిస్తే అది 2004 నాటిది. గొంతు కోసం వినేవాళ్లు మొదటిది తీసుకోండి. నాలాంటి చెవులున్నవాళ్లు రెండోదే తీసుకుని, మూడో పాట, నాలుగో పాట దాటేయండి.