టెక్సస్ హైస్కూల్ పేరెంట్ పోర్టల్: ఇద్దరు పిల్లలకీ వాడాక నా మాట

మా అమ్మాయి తొమ్మిదిలో చేరినప్పుడు, పిల్లల చదువు వివరాలు ఇంటి నుంచే చూసుకోమని స్కూలు ఇచ్చిన లాగిన్ ఇది. ఇప్పుడు అమ్మాయి యూనివర్సిటీలో ఉంది, తమ్ముడు పదకొండు, ఇక్కడి భాషలో జూనియర్. మాది డాలస్ పక్క సబర్బ్. స్కూల్ డిస్ట్రిక్ట్ పేరూ పోర్టల్ పేరూ చెప్పను గానీ స్కైవార్డ్, పవర్‌స్కూల్, ఇన్ఫినిట్ క్యాంపస్, హోమ్ యాక్సెస్ సెంటర్, మీకు వీటిలో ఏది తగిలినా లోపల సరుకు దాదాపు ఒకటే, మార్కులు, హాజరు, రిపోర్ట్ కార్డు, షెడ్యూలు, బోలెడు ఫారాలు. కొత్తగా వచ్చినవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో అడిగిందే అడుగుతుంటారు కదా, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

మార్కుల వరకు నాలుగు స్టార్లు. స్కూల్లో అసలేం జరుగుతోందో తెలియడానికైతే రెండే, అదీ మొహమాటానికి.

మార్కుల సంగతి. మనం చదువుకున్నప్పుడు క్వార్టర్లీ అయ్యాక ప్రోగ్రెస్ కార్డు, దాని మీద నాన్న సంతకం, అంతటితో సరి. ఇక్కడ టీచర్ ఒక క్విజ్ దిద్ది ఎక్కించగానే మన ఫోన్లో కనిపిస్తుంది, బానే ఉంది, కానీ అక్కడ కనిపించే యావరేజ్ అప్పటిదాకా ఎక్కించినవాటికే అని చాలామందికి తట్టదు. తొమ్మిది వారాల గ్రేడింగ్ పీరియడ్‌లో, అంటే మార్కులు లెక్క తేల్చే గడువులో, రెండో వారం ఒక్క క్విజ్ మాత్రమే ఎక్కి అందులో 60 వస్తే, సబ్జెక్టు మొత్తానికీ 60 అని ఎర్రగా చూపిస్తుంది. దానికి ఇంట్లో పంచాయతీ పెట్టాల్సిన పన్లేదు.

ఇంకోటి, అసలైనది, సున్నా. మా దగ్గర మేజర్ గ్రేడ్లు, అంటే పెద్ద పరీక్షల్లాంటివి, 60 శాతం, మైనర్లు, అంటే క్విజ్‌లూ హోంవర్కుల్లాంటివి, 40. మావాడికి మేజర్ యావరేజ్ 90, మైనర్లలో 95, 90, 100 ఉన్నాయనుకోండి, మొత్తం 92 వస్తుంది. నాలుగో మైనర్ ఇవ్వలేదని టీచర్ మిస్సింగ్ కొడితే మా సిస్టమ్ దాన్ని సున్నా కింద లెక్కేస్తుంది, అంతే, 92 కాస్తా 82.5. పిల్లాడు రాత్రి పన్నెండుకి ఇచ్చేసి ఉంటాడు, టీచర్ ఇంకా చూసి ఉండరు, లేదా వాడు జ్వరం వచ్చి తప్పిన పరీక్ష మళ్లీ (మేకప్ టెస్ట్) రాయాల్సి ఉంటుంది. ఆ సున్నా రెండు రోజుల్లో పోవచ్చు, పోకపోవచ్చు కూడా. అందుకే యావరేజ్ చూసి ఊరుకోకుండా సబ్జెక్టు మీద నొక్కి లోపలికెళ్లి ఏ అసైన్‌మెంట్ ఖాళీగా ఉందో, పక్కన టీచర్ ఏమైనా కామెంట్ రాశారో చూడాలి, ఆ ఒక్క పేజీ కోసమే నేను నాలుగు స్టార్లు ఇచ్చింది.

అలర్టుల గురించి. మా ఆయన ఫోన్లో అన్నీ ఆన్‌లో ఉండేవి, ఈయన ఆఫీసు మీటింగులో కూర్చుని "కెమిస్ట్రీ 82 ఏంట్రా" అని వాడు క్లాసులో ఉండగానే మెసేజ్ కొట్టేవారు. 2025లో టెక్సస్ వాళ్లు బడి టైములో పిల్లలు ఫోన్ వాడకూడదని చట్టం చేశాక ఆ ముచ్చట తీరిపోయింది, ఇప్పుడు ఈయన కోపం సాయంత్రానికల్లా చల్లారుతుంది, ఈలోపు సగం సున్నాలు కూడా మారిపోతున్నాయి. నా పద్ధతి వేరు: హాజరు అలర్ట్ ఆన్, 75 కంటే తగ్గితే వచ్చేది ఆన్, మిగతావన్నీ ఆఫ్. ఆదివారం టిఫిన్ అయ్యాక వాడి పక్కన కూర్చుని వాడి చేతే తెరిపిస్తా, వాడే చెప్తాడు ఏది ఎందుకు ఖాళీగా ఉందో. టీచర్‌కి మెయిల్ రాయాల్సొస్తే అదీ వాడే రాస్తాడు, హైస్కూల్లో అమ్మ రాసే మెయిల్ కంటే పిల్లాడు రాసేదానికి జవాబు బాగా వస్తుందని నా అనుభవం.

75 ఎందుకంటే మావాడు స్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నాడు, వాయిస్తూ కవాతు చేసే జట్టు. టెక్సస్‌లో నో పాస్ నో ప్లే అని 1984 నుంచి ఉన్న రూలు, గ్రేడింగ్ పీరియడ్ చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకి పంపరు, కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకి మినహాయింపు ఉంది. ప్రాక్టీసుకి వెళ్లొచ్చు, పోటీ రోజు మాత్రం బయట కూర్చోవాలి. ఎండలో ఆగస్టంతా నడిచి నడిచి అక్టోబర్లో ఒక ల్యాబ్ రిపోర్ట్ వల్ల ఆగిపోతే ఏడుపొస్తుంది కదా, ఆ భయానికి వాడే నాకంటే ఎక్కువసార్లు చూసుకుంటాడు.

హాజరు పీరియడ్ పీరియడ్‌కీ వేస్తారు. కోర్సు పూర్తయినట్టు క్రెడిట్ రావాలంటే 90 శాతం ఉండాలి కాబట్టి ఇది చూసుకోవాల్సిందే. బ్యాండ్ ట్రిప్‌కి వెళ్లిన రోజు కూడా సాయంత్రం "మీ పిల్లాడు ఈ రోజు రాలేదు" అని రికార్డెడ్ కాల్ వస్తుంది, కంగారొద్దు, మర్నాడు ఆఫీసు వాళ్లు సరిచేస్తారు.

ర్యాంకు. తెనాలి నుంచి మా అత్తగారు వీడియో కాల్లో అడిగేది ఇదొక్కటే. పోర్టల్లో ఉంటుంది గానీ రోజూ కదలదు, మా దగ్గర ఏడాదికోసారి లెక్కేస్తారు. ఇక్కడ దాని విలువ మామూలుగా లేదు, క్లాసులో టాప్ పది శాతానికి స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా సీటు అని 1997లో చట్టం చేశారు, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి మాత్రం అది ఆరు శాతానికి తగ్గి 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి అయిదు శాతం అయింది. మా దగ్గర ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సుకి 6.0 స్కేలు, మామూలు కోర్సుకి 5.0, కాబట్టి మనవాళ్లంతా పాయింట్ పక్కన అంకెల మీద పడి కొట్టుకుంటుంటారు. పోర్టల్ ఆ అంకె చూపిస్తుంది, ఎలా వచ్చిందో చూపించదు. నేను ఎక్సెల్లో వేసి చూసుకుంటా, పనిలేక కాదు, మా అమ్మాయప్పుడు ఒక కోర్సు తప్పు స్కేల్లో పడితే అలాగే పట్టుకుని కోర్సుల సంగతి చూసే స్కూల్ కౌన్సిలర్‌కి చెప్పి మార్పించాం.

ఇక రెండు స్టార్ల గోల. స్కూలు కబుర్లు ఒక్కచోట దొరకవు. బ్యాండ్ విషయాలు బూస్టర్ క్లబ్ (బ్యాండ్ పిల్లల తల్లిదండ్రుల సంఘం) వాళ్ల యాప్‌లో, కౌన్సిలర్ సమాచారం మెయిల్లో, పీటీఏ వాళ్లది ఫేస్‌బుక్‌లో, హోంవర్క్ గడువులు టీచర్లు వాడే కాన్వాస్ అనే వెబ్‌సైట్‌లో. ఏపీ పరీక్ష మేలో ఉన్నా రిజిస్ట్రేషన్ నవంబర్‌తో అయిపోతుంది, తర్వాతైతే లేట్ ఫీజు, ఈ ముక్క పోర్టల్లో ఎక్కడా ఉండదు, స్కూల్ న్యూస్‌లెటర్ అడుగున ఎక్కడో ఉంటుంది. కాన్వాస్‌లో మీకూ ఒక అబ్జర్వర్ అకౌంట్, అంటే చూడ్డానికి మాత్రమే పనికొచ్చేది, పెట్టుకోవచ్చు, పిల్లాడి అకౌంట్ సెట్టింగ్స్‌లో పెయిరింగ్ కోడ్ తీయించండి, ఒక్కసారే పనిచేస్తుంది, ఏడు రోజుల్లో చెల్లిపోతుంది. అందులో మార్కు ఒకటి, పోర్టల్లో ఇంకొకటి కనిపిస్తే మా డిస్ట్రిక్ట్‌లో పోర్టల్‌దే లెక్క.

పిల్లాడి పాస్‌వర్డ్‌తో దూరేవాళ్లకి ఒక మాట, ఫారాలూ అలర్టు సెట్టింగులూ పేరెంట్ లాగిన్‌లోనే ఉంటాయి. పైగా పద్దెనిమిది నిండాక చదువు రికార్డుల మీద హక్కు పిల్లలదే, ఫెర్పా అని 1974 నాటి ఫెడరల్ చట్టం. ట్యాక్స్‌లో డిపెండెంట్‌గా చూపిస్తుంటే స్కూలు మనకి చూపించొచ్చు, మా అమ్మాయప్పుడు సీనియర్ ఇయర్ (పన్నెండు) అంతా చూపించారు. కాలేజీకి వెళ్లాక మనకి అసలు పోర్టలే లేదు, అమ్మాయి చెప్తేనే తెలుస్తుంది, చెప్తోంది కూడా, ఆదివారం పూటే.

ఈ ఆగస్టులో తొమ్మిదికి వెళ్లే పిల్లలున్నవాళ్లు రిజిస్ట్రేషన్ ఫారంలో మీ మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు ఒకసారి చూసుకోండి, ఎలిమెంటరీలో ఇచ్చినవే చాలామందికి అలాగే ఉండిపోతాయి, అలర్టులన్నీ ఎప్పుడో మానేసిన నంబరుకి వెళ్తుంటాయి.